డ్రమ్ములో రాడ్డు: కువైట్ నీళ్లు కాచుకున్న కథ

చలికాలం మొదలయిందంటే మాకు వచ్చే వాయిస్ మెసేజుల్లో ఒక ప్రశ్న తప్పకుండా ఉంటుంది. రూములో పది పన్నెండు మంది, ఒకటే బాత్రూం, ఉన్న బాయిలర్ చాలదు. ఎక్కడో ఒక స్టీలు డ్రమ్ము దొరికింది, యాభై లీటర్లు పడుతుంది. దానికి రంధ్రం కొట్టి ఎలిమెంట్ బిగిస్తే ఎలా ఉంటుంది? ఎన్ని వాట్లది కొనాలి? రెండు రాడ్లు వేస్తే తొందరగా కాగుతాయా?

ఒక్క మాటలో జవాబు చెప్పొచ్చు. కానీ ఈ ప్రశ్న వెనక నూట యాభై ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్రలో ఎక్కువ భాగం మనం ఉంటున్న ఈ కువైట్‌కి సంబంధించినదే. ఎపిసోడ్‌లో సమయం చాలక లెక్కలు వదిలేశాం. విన్నవాళ్లు అడిగారు కాబట్టి కథతో పాటు లెక్కలూ ఇక్కడ రాస్తున్నాం. ముందే ఒక విషయం: ఇది చదివాక డ్రమ్ము కోయమని చెప్పడం మా ఉద్దేశం కాదు. ఎలిమెంట్ గురించి ఉన్న ప్రతి నియమం ఎవరో ఒకరు దెబ్బ తిన్నాక పుట్టిందే. ఆ దెబ్బలేమిటో తెలిస్తే ఏం కొనాలో, ఏం ముట్టుకోకూడదో మీకే అర్థమవుతుంది.

నిప్పు మధ్యలో, నీళ్లు చుట్టూ

మన ఇళ్లలో పెద్దవాళ్లకు రాగి బాయిలర్ గుర్తుండే ఉంటుంది. పొడుగాటి రాగి పాత్ర, నడిమధ్యన పైనుంచి కిందికి ఒక గొట్టం. గొట్టంలో బొగ్గులో, పుల్లలో, కొబ్బరి చిప్పలో వేసి మంట పెడితే చుట్టూ ఉన్న నీళ్లు కాగేవి. పక్కన ఒక కుళాయి. పైన చన్నీళ్లు పోస్తుంటే కింద వేడినీళ్లు వచ్చేవి. ఇరాన్, ఇరాక్ వైపు టీకి వాడే సమోవర్ కూడా ఇదే పద్ధతి. పొయ్యి మీద కాగు పెడితే మంటలో సగానికి సగం పక్కలకి పోతుంది. అదే నిప్పుని నీళ్ల కడుపులో పెడితే దాని వేడి నీళ్లకి ఇంకా ఎక్కువగా దక్కుతుంది.

కరెంటు ఎలిమెంట్ కూడా చేసే పని ఇదే. కాకపోతే ఇక్కడికి రావడానికి చాలా కాలం పట్టింది. తీగలో కరెంటు పారితే వేడి పుడుతుందని, ఎంత పుడుతుందో లెక్క కట్టొచ్చని ఇంగ్లండులో జేమ్స్ జౌల్ 1841లోనే చెప్పాడు. కానీ ఏ తీగ వాడాలి? ఇనుప తీగ ఎర్రగా కాలితే గాలి తగిలి తుప్పు పట్టి తెగిపోయేది. ప్లాటినం ఆగేది గానీ, దాని ధరకి మామూలు మనిషి కొనలేడు. 1905 ప్రాంతంలో అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ అనే ఆయన నికెల్‌కి క్రోమియం కలిపి తీగ తీశాడు. నూటికి ఎనభై వంతులు నికెల్, ఇరవై క్రోమియం. ఎర్రగా కాలినా దాని ఒంటి మీద సన్నటి పొర ఏర్పడి లోపలి లోహాన్ని కాపాడుతుంది. 1906లో పేటెంట్ వచ్చింది. మనం నిక్రోమ్ అంటున్నది దాన్నే. హాస్టల్లో మ్యాగీ చేసుకున్న కాయిల్ స్టవ్ నుంచి టోస్టరు దాకా అన్నిట్లోనూ ఉన్నది ఆ తీగే.

తీగ దొరికింది, కానీ దాన్ని అలాగే నీళ్లలో ముంచలేం. కరెంటు నీళ్లలోకి వస్తుంది. అందుకే తొలినాళ్ల కరెంటు కెటిళ్లలో కాయిల్ అడుగున వేరే అరలో ఉండేది. నీళ్లు కాగడానికి చాలాసేపు పట్టేది. తీగని ఒక లోహపు గొట్టంలో పెట్టి, తీగకీ గొట్టానికీ మధ్య మెగ్నీషియం ఆక్సైడ్ పొడి గట్టిగా దట్టించడం తరవాతి మెట్టు. ఈ పొడికి ఒక విచిత్రమైన గుణం ఉంది: వేడిని పోనిస్తుంది, కరెంటుని పోనివ్వదు. 1922లో బర్మింగ్‌హామ్‌లోని బుల్‌పిట్ కంపెనీలో ఆర్థర్ లెస్లీ లార్జ్ నీళ్లలోనే మునిగి ఉండే ఎలిమెంట్‌తో కెటిల్ తయారుచేశాడు. అదే పదేళ్లలో అమెరికాలోనూ ఇలాంటి గొట్టం ఎలిమెంట్లు బజారుకొచ్చాయి. ఇప్పుడు మీ బకెట్‌లో వేలాడే రాడ్డు, గోడ మీద బాయిలర్ లోపలిది, టీ మిషన్ అడుగున ఉన్నది, అన్నీ ఆ కుటుంబమే. మధ్యలో నిక్రోమ్, చుట్టూ తెల్ల పొడి, పైన తొడుగు.

ఈ తెల్ల పొడి సంగతి గుర్తుపెట్టుకోండి. దానికి తడి అంటే పడదు. తొడుగు ఎక్కడైనా సన్నగా చీలితే పొడి నీళ్లు పీల్చుకుంటుంది. ఇక అది కరెంటుని ఆపదు. పైకి రాడ్డు బాగానే కనిపిస్తుంది, నీళ్లూ కాగుతాయి, కానీ ముట్టుకున్నవాణ్ణి పట్టుకుంటుంది.

నీళ్లు కాచుకుని బతికిన దేశం

ఇప్పుడు కువైట్‌కి వద్దాం. ఇక్కడ నది లేదు, చెరువు లేదు. కొద్దిపాటి బావులుండేవి, వాటిల్లో ఎక్కువ ఉప్పునీళ్లే. ఊరు పెరిగేకొద్దీ బావులు చాలక ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పడవల మీద నీళ్లు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఇరాక్ వైపు షత్ అల్ అరబ్ నదికి వెళ్లి, పడవల్లో చెక్కతొట్లు నింపుకుని సముద్రం మీదుగా తిరిగి వచ్చేవాళ్లు. ఆ పడవల టేకు మన మలబారు తీరం నుంచి వచ్చిందే. రేవులో దిగిన నీళ్లని గాడిదల మీద వేసి, లేదంటే కందరీలు భుజాన కర్రకి అటొకటి ఇటొకటి డబ్బాలు తగిలించుకుని ఇల్లిల్లూ తిరిగి అమ్మేవాళ్లు. మన కావడి లాంటిదే. 1939లో ఈ పడవల వ్యాపారానికి ఒక కంపెనీ కూడా పెట్టారు.

బుర్గాన్‌లో నూనె పడింది 1938లో. మొదటి ఓడ ఎగుమతికి కదిలింది 1946లో. డబ్బు వచ్చింది, జనం వచ్చారు, నీళ్లు మాత్రం అవే పడవల మీద. అప్పుడు వాళ్లు చేసిన పని, సముద్రాన్ని కాచడం. 1953లో షువైఖ్‌లో సముద్రపు నీటిని మరిగించి, ఆవిరిని చల్లార్చి మంచినీళ్లు తీసే ప్లాంటు మొదలయింది. రోజుకి పది లక్షల గ్యాలన్లు, అంటే సుమారు 45 లక్షల లీటర్లు. ఒక దేశం తాగే నీళ్లన్నీ ఆవిరి పట్టి తీసుకోవడం అంతకుముందు ఎవరూ అంత పెద్ద ఎత్తున చేయలేదు.

ఆ ప్లాంట్లలో కరెంటు రాడ్డు లేదు. నూనె, గ్యాసు మండించి పుట్టించిన ఆవిరిని గొట్టాల్లోకి పంపేవాళ్లు, ఆ గొట్టాలు సముద్రపు నీళ్లలో మునిగి ఉండేవి. వేడి గొట్టం మధ్యలో, నీళ్లు చుట్టూ. అంటే మన రాగి బాయిలరే, ఊరంత పెద్దది. మన బాయిలర్‌కి వచ్చిన జబ్బే దానికీ వచ్చింది.

పెచ్చు

నీళ్లలో కరిగి ఉన్న సున్నం, మెగ్నీషియం నీళ్లు కాగినప్పుడు బయటికి వచ్చి, అన్నిటికంటే వేడిగా ఉన్న చోట పేరుకుంటాయి. అన్నిటికంటే వేడిగా ఉండేది గొట్టం ఒళ్లే. దాని మీద తెల్లగా పెచ్చు కడుతుంది. రాయలసీమ బోరు నీళ్లలో రాడ్డు వాడినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, ఆరు నెలల్లో రాడ్డు సున్నం కడ్డీ అయిపోతుంది. ఆ పెచ్చు వేడిని పోనివ్వదు. లోపల తీగ మాత్రం అంతే వేడి పుట్టిస్తూ ఉంటుంది. పోవడానికి దారి లేక తొడుగు మరీ కాలి, పగిలి, తీగ తెగుతుంది.

షువైఖ్ ప్లాంటులో కూడా ఇదే గోల. గొట్టాల మీద పెచ్చు కట్టడం, ప్లాంటు ఆపడం, గీకడం, మళ్లీ నడపడం. దీనికి మందు కనిపెట్టినవాళ్లలో ముఖ్యుడు స్కాట్లండు ఇంజినీరు రాబర్ట్ సిల్వర్. ఆయన ఆలోచన ఏమిటంటే, గొట్టం మీద నీళ్లని మరగనివ్వకూడదు. ఒత్తిడిలో ఉంచి వేడి మాత్రం చేసి, తరవాత ఒత్తిడి తక్కువున్న గదుల్లోకి ఒకదాని తరవాత ఒకదానిలోకి వదలాలి. అక్కడ నీళ్లు తమంత తామే భగ్గున ఆవిరవుతాయి. మరిగే చోటు వేరు, వేడి చేసే చోటు వేరు. గొట్టాల మీద పెచ్చు బాగా తగ్గింది. గ్లాస్గోలోని వెయిర్ కంపెనీ ఈ పద్ధతి ప్లాంట్లని 1960లో షువైఖ్‌లోనే నిలబెట్టింది. అక్కణ్ణుంచి అది గల్ఫ్ అంతా పాకింది. 1968లో సిల్వర్‌కి యునెస్కో సైన్స్ బహుమతి ఇచ్చింది. 1979లో తెరిచిన కువైట్ టవర్స్ ముందు మనమందరం ఫొటో దిగుతాం కదా, ఆ గుండ్రటి బంతిలో ఉన్నది ఇలా కాచి తీసిన నీళ్లే.

ఎలిమెంట్ కొనేవాడికి సిల్వర్ కథలో ఉన్న పాఠం: గొట్టం ఒళ్లు మరీ కాలకూడదు. దీన్ని లెక్కలో చెప్పాలంటే, ఒక్కో చదరపు సెంటీమీటర్ ఒంటి మీద ఎన్ని వాట్లు పడుతున్నాయో చూడాలి. ఉదాహరణకి ఎనిమిది మిల్లీమీటర్ల మందం, అరవై సెంటీమీటర్ల పొడవు ఉన్న గొట్టం తీసుకోండి. దాని ఒళ్లు సుమారు 150 చదరపు సెంటీమీటర్లు. దాంట్లోంచి 1500 వాట్లు వస్తే ఒక్కో సెంటీమీటర్ మీద పది వాట్లు. మంచినీళ్లకి ఇది నడుస్తుంది. అదే 1500 వాట్లని నూట ఇరవై సెంటీమీటర్ల గొట్టంలో పరిస్తే అయిదు వాట్లే. నీళ్లు కాగే సమయం రెండిట్లోనూ ఒకటే, ఎందుకంటే మొత్తం వేడి ఒకటే. కానీ రెండోదాని మీద పెచ్చు నెమ్మదిగా కడుతుంది, ఎక్కువ కాలం మన్నుతుంది. పాలు, గంజి, జావ లాంటివి కాచాలంటే మొదటిది పనికే రాదు, గొట్టానికి అంటుకుని మాడుతుంది. అందుకే చాలాసార్లు మడతలు పడిన పొడుగు ఎలిమెంట్ కొంచెం ధర ఎక్కువైనా అదే మేలు. పొట్టిగా, లావుగా, బలంగా కనిపించేది చూసి మోసపోకండి.

తొడుగు లోహం కూడా ఈ చరిత్రలోదే. రాగి వేడిని బాగా పోనిస్తుంది, చవక, మంచినీళ్లకి చాలు. ఉప్పదనం ఉన్న నీళ్లలో త్వరగా దెబ్బతింటుంది. నికెల్, క్రోమియం ఎక్కువ ఉన్న ఇంకొలాయ్ అనే లోహం అలాంటి నీళ్లకి ఆగుతుంది, పొరపాటున నీళ్లు లేకుండా కాసేపు కాలినా రాగి కంటే ఎక్కువ తట్టుకుంటుంది. కువైట్‌లో కుళాయి నీళ్లు కాచి తీసిన నీళ్లకి కొంత భూగర్భజలం కలిపి ఇచ్చేవి. పాత ఇళ్లలో తోటలకి, కడుగుడుకి విడిగా ఉప్పునీళ్ల లైను కూడా ఉంటుంది. మజ్రాల్లో, ఎడారి ఖైమాల్లో పనిచేసేవాళ్లకి ట్యాంకరు నీళ్లు. మీ నీళ్లు ఏవో తెలుసుకున్నాకే లోహం సంగతి.

గోడలో మూడు రంధ్రాలు

1899 ఒప్పందం నుంచి 1961 దాకా కువైట్ బ్రిటిష్ వాళ్ల రక్షణ కింద ఉంది. అందుకే ఇక్కడ గోడకి చదరపు పిన్నులు మూడు ఉన్న ప్లగ్గు. బ్రిటన్‌లో ఆ ప్లగ్గు ప్రమాణం 1947లో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తరవాత రాగి కొరత. ఒక్కో సాకెట్‌కి విడి తీగ లాగకుండా ఒకే తీగని ఇల్లంతా చుట్టి తెచ్చి దానికే అన్ని సాకెట్లూ తగిలించారు. ఆ తీగకి ముప్పై ఆంపియర్లు పోగలవు. మరి చిన్న వైరుకి కాపలా ఎవరు? అందుకని ప్లగ్గు లోపలే ఫ్యూజు పెట్టారు, పదమూడు ఆంపియర్లు దాటితే కరిగిపోయేలా. ఆ ఫ్యూజు తీసేసి సిగరెట్ పెట్టెలోని వెండికాగితం చుట్టినవాడు ఇంటి కాపలాదారుణ్ణి గెంటేసినట్టే. వైరు కాలి మంట అంటుకున్నా గోడ వెనక బ్రేకరు పడకపోవచ్చు.

ఇప్పుడు లెక్క. కువైట్ కరెంటు 240 వోల్టులు. 240ని 13తో గుణిస్తే 3120. అంటే ఒక ప్లగ్గు మీద మూడు వేల వాట్లే పరమావధి, అది కూడా ఒక్కటే, నేరుగా గోడకే. రెండు వేల వాట్ల రాడ్లు రెండు ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెడితే దాదాపు పదిహేడు ఆంపియర్లు. బోర్డు వెచ్చబడుతుంది, కరిగిన ప్లాస్టిక్ వాసన వస్తుంది. ఆ వాసన మనలో చాలామందికి తెలుసు.

ఇండియా నుంచి తెచ్చుకున్న రాడ్డు మీద 230 వోల్టులు, 1500 వాట్లు అని ఉంటుంది. ఇక్కడ 240 పెడితే అది సుమారు 1630 వాట్లు లాగుతుంది. ఇది పెద్ద తేడా కాదు. దాని గుండ్రటి పిన్నులకి మీరు కొన్న సన్న అడాప్టర్ మాత్రం తేడానే. చాలా అడాప్టర్లలో ఎర్త్ పిన్ను అలంకారానికే ఉంటుంది.

యూట్యూబ్‌లో అమెరికావాళ్లు ఇళ్లలో బీరు కాచుకోవడానికి స్టీలు కెగ్గులకి ఎలిమెంట్లు బిగించే వీడియోలు బోలెడు. వాళ్లు పెట్టేవి 4500, 5500 వాట్లవి. 5500 వాట్లంటే 240 వోల్టుల మీద 23 ఆంపియర్లు. దానికి విడి లైను, విడి బ్రేకరు, లావు వైరు కావాలి. వాళ్ల ఎలిమెంట్‌కి ఒక అంగుళం మర ఉంటుంది, బ్రిటిష్ పద్ధతి ఇమ్మర్షన్ హీటర్‌కి రెండుంపావు అంగుళాల మర. ఒకదాని రంధ్రంలో ఇంకొకటి కూర్చోదు. ఇంకో సంగతి, 120 వోల్టుల ఎలిమెంట్ తెచ్చి ఇక్కడి గోడకి పెడితే రెండింతలు కాదు, నాలుగింతల వాట్లు లాగుతుంది. క్షణాల్లో మాడిపోతుంది.

ఎంతసేపు పడుతుందో కూడా చూద్దాం. యాభై లీటర్ల నీళ్లు పదిహేను డిగ్రీల నుంచి స్నానానికి నలభై అయిదు డిగ్రీలకి రావాలంటే సుమారు ఒకటిముప్పావు యూనిట్ల కరెంటు. 1500 వాట్ల ఎలిమెంట్ అయితే గంటా పది నిమిషాలు, 3000 అయితే ముప్పై అయిదు నిమిషాలు. అవే నీళ్లు మరగాలంటే అయిదు యూనిట్లు, అంటే 3000 మీద కూడా గంటా నలభై నిమిషాలు. పక్కలకి పోయే వేడి అదనం. డ్రమ్ము చుట్టూ పాత దుప్పటి కాదు, కాలని గ్లాస్‌వూల్ లాంటిది చుడితే ఆ నష్టం తగ్గుతుంది. స్నానానికైతే 1500 చాలు, గంట ముందు వేయాలి అంతే. తొందరపడి రెండోది తగిలించడం వల్లే అసలు ప్రమాదాలన్నీ.

మూడో తీగ

ప్లగ్గులో పొడుగు పిన్ను ఎర్త్‌ది. రాడ్డు తొడుగు చీలి కరెంటు నీళ్లలోకి వచ్చినప్పుడు, ఎర్త్ ఉంటే అది ఆ దారినే పోయి ఫ్యూజు కొడుతుంది. ఎర్త్ లేకపోతే తడి నేల మీద నిలబడి చెంబు ముంచిన మనిషే దారి. స్టీలు డ్రమ్ము అయితే డ్రమ్ము మొత్తం కరెంటే. అందుకని ఇంట్లో చేసిన బాయిలర్‌కి మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న వాట్లు ఎన్ని అని కాదు, డ్రమ్ము ఒంటికి ఎర్త్ తీగ గట్టిగా బిగించారా అని. దాని పైన 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీ బ్రేకరు. అది కరెంటు ఎటైనా దారితప్పిందని తెలిసిన మరుక్షణం పడిపోతుంది. ఈ రెండూ లేని చోట రాడ్డు ఆపి, ప్లగ్గు పీకి, ఆ తరవాతే నీళ్లు ముట్టుకోవాలి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి.

హాస్టళ్లలో, జైళ్లలో, క్యాంపుల్లో ఒక నాటు పద్ధతి ఉంది: రెండు బ్లేడ్లు, మధ్యలో అగ్గిపుల్ల, రెండు వైర్లు. నీళ్లలో వేస్తే నిమిషంలో టీ కాగుతుంది. అక్కడ తీగ వేడెక్కడం లేదు, కరెంటు నేరుగా నీళ్లలోంచే పారుతోంది. అంటే 1922కి ముందు ఇంజినీర్లు దేనికి భయపడ్డారో అదే కావాలని చేస్తున్నామన్నమాట. ఎవరి దగ్గరైనా కనిపిస్తే తీసి పారేయండి, తిట్టినా సరే.

మూత

ఇక డ్రమ్ము సంగతి. నీళ్లు ఆవిరయితే సుమారు పదహారు వందల రెట్లు ఉబ్బుతాయి. దారి ఉంటే కెటిల్ ముక్కులోంచి ఈల వేస్తుంది, దారి లేకపోతే పాత్రే పగులుతుంది. 1863లో కలకత్తాలో ఒక బాయిలర్ పేలి మనుషులు పోయాక మరుసటి ఏడాది బెంగాల్‌లో బాయిలర్ల తనిఖీ చట్టం వచ్చింది. 1905 మార్చిలో అమెరికాలో బ్రాక్టన్ అనే ఊళ్లో ఒక చెప్పుల ఫ్యాక్టరీ బాయిలర్ పైకప్పు చీల్చుకుని లేచింది, 58 మంది చనిపోయారు. అక్కడ బాయిలర్ల నియమావళి రాయడానికి అదే కారణాల్లో ఒకటి. మన దేశానికంతా కలిపి చట్టం 1923లో వచ్చింది. ఆ చట్టం ఎంత పాత్రని బాయిలర్ అందో తెలుసా? ఒత్తిడితో ఆవిరి పుట్టించే మూసిన పాత్ర అయిదు గ్యాలన్లు దాటితే చాలు. అంటే ఇరవై మూడు లీటర్ల లోపే. మన యాభై లీటర్ల డ్రమ్ముకి గట్టిగా మూత బిగిస్తే, ఆ చట్టం లెక్కలో అది ఇన్‌స్పెక్టర్ చూడాల్సిన యంత్రం.

అందుకని మూత బిగించకూడదు. వదులుగా పెట్టాలి, లేదా ఎప్పుడూ మూసుకోని పెద్ద రంధ్రం ఉండాలి. గోడ మీద కంపెనీ బాయిలర్‌కి ఒక చిన్న ఇత్తడి వాల్వు ఉంటుంది, అప్పుడప్పుడూ నీళ్లు కారుస్తుంటుంది. విసుగొచ్చి దానికి బిరడా కొట్టేవాళ్లున్నారు. అది కారడం దాని ఉద్యోగం. థర్మోస్టాట్ ఒక్కటే ఉంటే చాలదు, అది ఇరుక్కుపోతే ఆపడానికి రెండో కటాఫ్ ఉండాలి. నీళ్లు తగ్గి ఎలిమెంట్ బయటపడితే ఆపేది కూడా అదే. పాత డ్రమ్ములో ఇంతకుముందు ఏముందో తెలియకపోతే దాన్ని తాకొద్దు. రంగులు, రసాయనాలు మోసిన డ్రమ్ము ఎంత కడిగినా స్నానానికీ పనికిరాదు, టీకీ పనికిరాదు. గ్యాసు నిండిన కెగ్గుని ఒత్తిడి తీయకుండా కోస్తే అది ముఖం మీదకే లేస్తుంది.

రెండు తేదీలు

2024 జూన్ 12 తెల్లవారుజామున మంగఫ్‌లో మనలాంటి కార్మికులు ఉండే బిల్డింగు కాలింది. యాభై మంది దాకా చనిపోయారు, చాలామంది భారతీయులే, ఎక్కువమంది నిద్రలో పొగకి. వాళ్లలో మన ఆంధ్రావాళ్లూ ఉన్నారు. కింద గార్డు గదిలో కరెంటు లోపం వల్ల మొదలైందని అధికారులు చెప్పారు. రాడ్డు వల్ల అని ఎవరూ అనలేదు, మేమూ అనడం లేదు. కానీ ఆరో అంతస్తులో నిద్రపోతున్నవాడి ప్రాణం కింద గదిలో ఒక వైరు చేతిలో ఉంటుందని ఆ రోజు తెలిసింది. మీ గదిలో డ్రమ్ముకి పెట్టే వైరు కూడా మీ ఒక్కరి సంగతి కాదు. అందుకే హారిస్‌కి చెప్పకుండా, బిల్డింగు లైను సంగతి తెలిసిన ఎలక్ట్రీషియన్‌కి చూపకుండా ఇలాంటి పని మొదలుపెట్టొద్దంటున్నాం.

రెండో తేదీ 2025 ఆగస్టు. మిథనాల్ కలిసిన మందు తాగి 23 మంది చనిపోయారని, 160 మంది ఆస్పత్రి పాలయ్యారని కువైట్ ఆరోగ్య శాఖ ప్రకటించింది. అందరూ ఆసియా దేశాలవాళ్లే. కొందరి చూపు పోయింది. డ్రమ్ము, ఎలిమెంట్ అన్న మాట రాగానే కొందరి మనసు ఎటు వెళుతుందో మాకు తెలుసు కాబట్టి సూటిగా చెబుతున్నాం. 1960ల నడుమ నుంచి ఇక్కడ మద్యం నిషేధం. పట్టుబడితే జైలు, తరవాత ఊరికి పంపడం, మళ్లీ రాలేకపోవడం. ఇంటి దగ్గర తీర్చని అప్పు, పిల్లల ఫీజు. అన్నిటికంటే ముందు, ఎవరో గుర్తుతెలియనివాడు పోసిన సీసాలో ఏముందో రుచి చూసి, వాసన చూసి కనిపెట్టలేం. ఎవరైనా తాగి చూపు మసకబారిందంటే, పోలీసుల భయంతో గదిలో పడుకోబెట్టకండి. ఆస్పత్రికి తీసుకెళ్లండి. గంటలు లెక్క అక్కడ.

కొనే ముందు

మొదట, కొత్త బాయిలర్ ధర అడగండి. పదిమంది పంచుకుంటే ఎలిమెంట్, థర్మోస్టాట్, బ్రేకరు, వైరు, ఎలక్ట్రీషియన్ కూలి అన్నీ కలిపిన దానికంటే అదే తక్కువ పడొచ్చు. కంపెనీ క్యాంపు అయితే వేడినీళ్లు అడగడం మీ హక్కు, అందరూ కలిసి అడగండి. తప్పదు, ఎలిమెంటే కొనాలంటే: మీ నీళ్లకి ఆగే లోహం, పొడుగు గొట్టం, ఒక ప్లగ్గుకి మూడు వేల వాట్లు మించనిది, 240 వోల్టులకి రాసి ఉన్నది. ఇండియా నుంచి తెచ్చుకునే రాడ్డయితే ఐఎస్ఐ ముద్ర, దాని కింద ఐఎస్ 368 అనే నంబరు ఉన్నది. డ్రమ్ముకి ఎర్త్, లైనుకి లీకేజీ బ్రేకరు, మూతకి దారి. వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా బకెట్ రాడ్డే నయం, అది కూడా ప్లగ్గు పీకాకే నీళ్లు ముట్టేలాగ.

ఎండాకాలంలో ఈ గోలంతా తిరగబడుతుందని మీకు తెలుసు. మేడ మీద ట్యాంకు మండిపోయి చన్నీళ్ల కుళాయిలో సలసలా కాగిన నీళ్లు వస్తాయి. అప్పుడు గదిలోని బాయిలర్ స్విచ్ ఆపేసి, వేడినీళ్ల కుళాయి తిప్పుకుని చల్లగా స్నానం చేస్తాం. సముద్రాన్ని కాచి నీళ్లు తీసుకునే దేశంలో నీళ్లు చల్లారబెట్టుకోవడానికి బాయిలర్ వాడతాం. ఆ నెలల్లో ఎలిమెంట్‌కి సెలవు. పెచ్చు చూడడానికి అదే మంచి సమయం.

మీ దగ్గర రాడ్డు ఉంటే ఈ రాత్రి పని అయ్యాక ప్లగ్గు పీకి, చల్లారనిచ్చి, వెలుతురులో పెట్టి చూడండి. తెల్లటి పెచ్చు ఉంటే వెనిగర్ కలిపిన నీళ్లలో గొట్టం వరకే, పైనున్న ప్లాస్టిక్ తడవకుండా నానబెట్టండి, చాకుతో గీకొద్దు. గొట్టం మీద పగులు గానీ, ఉబ్బు గానీ, నల్ల మచ్చ గానీ కనిపిస్తే వైరు కత్తిరించి పారేయండి. కత్తిరించకుండా పడేస్తే ఇంకెవరో తీసుకుని వాడతారు.